మునెమ్మ పాడని మాట

పోయిన వారం మద్రాసులో, మందవెల్లి స్టేషన్‌లో రైలెక్కి కూర్చున్నాను. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి, రెండు చుక్కలు నీలగిరి తైలం అరచేతిలో పోసుకుని మోకాలికి పట్టించింది. తలుపుల్లోంచి గాలి రివ్వున వస్తున్నా ఆ ఘాటు నా ముక్కుదాకా వచ్చింది. లైట్‌హౌస్ స్టేషన్‌లో దిగాల్సినదాన్ని, చేపాక్ దాటాక గానీ చూసుకోలేదు.

ఆ వాసనకి నాకు గుర్తొచ్చేది మునెమ్మ. మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు పగటిపూట చూసుకోవడానికి మా ఇంటికి వచ్చిన ఆయా. అంత మేలు చేసిన మనిషిని తలుచుకుంటే కళ్ళు చెమర్చాలి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలనిపించాలి. నాకు అవన్నీ తర్వాత వస్తాయి. ముందు కడుపులో మంట వస్తుంది. నేను ముప్పై ఏళ్ళుగా మైలాపూరులో పిల్లలకి సంగీతం చెబుతున్నాను. డిసెంబరు కచేరీల్లో మధ్యాహ్నం వేళ, క్యాంటీన్‌కి వెళ్ళేవాళ్ళు వెళ్ళగా మిగిలిన నలభై మంది ముందు పాడుతుంటాను. మునెమ్మకి స్వరమంటే ఏమిటో తెలియదు. రెండో పాదానికల్లా ఆమె శ్రుతి జారిపోయేది. అయినా మా అమ్మ నోరు తెరిపించింది ఆమె, నేను కాదు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

అమ్మకి పాడడం రాదు. పెళ్ళయి తెనాలి నుంచి ఈ ఊరు వచ్చింది. నాన్న సినిమా స్టూడియోలో సౌండు పని చేసేవారు. నాకు ఏడో ఏడు రాగానే అమ్మే పట్టుబట్టి పాఠాలు మొదలుపెట్టించింది. నేను సాధన చేస్తుంటే గుమ్మం దగ్గర కూర్చుని సాంబారు ఉల్లిపాయలు ఒలిచేది. నేను ఎక్కడైనా తప్పితే ఆమె చెయ్యి ఆగేది. తల కూడా ఎత్తేది కాదు, చెయ్యి ఆగేది అంతే. ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఆగకుండా ఒక కీర్తన ముగించాలని నా చిన్నతనమంతా తంటాలు పడ్డాను. పెద్దదాన్నయి కచేరీలు చేస్తున్నప్పుడు కూడా చప్పట్లు పట్టించుకునేదాన్ని కాదు, మూడో వరసలో అమ్మ ముఖమే చూసుకునేదాన్ని. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ "శారదా, ఇవాళ పర్లేదే" అందంటే ఆ వారమంతా నా కాళ్ళు నేలమీద ఉండేవి కావు. నాన్న పోయాక, నేను పెళ్ళి వద్దనుకున్నాక, మేమిద్దరమే మిగిలాం. మా ఇద్దరికీ మధ్యలో ఎవరూ ఉండేవారు కాదు.

ఒక శుక్రవారం పొద్దున కనకాంబరాల మాల కడుతూ కడుతూ అమ్మ పక్కకి ఒరిగిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పడిపోయాయి. మూడు వారాలకి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకునేసరికి ఆమె నోట్లో ఒకే ఒక్క మాట మిగిలింది. "అదే." ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. నన్ను చూసి కూడా "అదే... అదే..." అని, ఆ పైన రాక కళ్ళనీళ్ళు పెట్టుకునేది. వారానికి రెండుసార్లు బొమ్మల కార్డులు తెచ్చి మాటలు నేర్పించే అమ్మాయి వచ్చేది. "మీరు పాడతారు కదా మేడమ్, అమ్మగారి దగ్గర పాడండి. మాట పోయినవాళ్ళకి ఒక్కోసారి పాట మిగిలి ఉంటుంది" అందా అమ్మాయి. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. ఇన్నేళ్ళు గొంతు చించుకున్నది ఇందుకేనేమో అనుకున్నాను. అమ్మ మళ్ళీ నన్ను పేరు పెట్టి పిలవాలి. ఆ పిలుపు నా పాటకే రావాలి. అప్పట్లో నాకున్న కోరిక అదొక్కటే.

రోజూ పొద్దున అమ్మకి స్నానమయ్యాక పక్కన కూర్చుని గంటసేపు పాడేదాన్ని. ఆమెకి ఇష్టమైనవన్నీ వరసగా, రాగం విస్తరించి, ఎక్కడా తేలిగ్గా వదలకుండా పాడేదాన్ని. ఐదు నిమిషాలు నా వైపు చూసేది. తర్వాత గోడవైపు తిరిగిపోయేది. ఎడం చేత్తో దుప్పటి మీదికి లాక్కునేది. అలసిపోయింది కాబోలు అనుకున్నాను. మర్నాడూ అంతే. నేనే సరిగ్గా పాడడం లేదేమోనని మధ్యాహ్నాలు తలుపులేసుకుని ప్రత్యేకంగా సాధన చేశాను. అయినా అమ్మ దుప్పటి లాక్కుంటూనే ఉంది.

మునెమ్మ అప్పటికి వచ్చి వారమైంది. యాభై దాటిన మనిషి. ముక్కుకి రెండు వైపులా పుడకలు. ఊరికి ఉత్తరాన ఉన్న మనలి నుంచి రెండు బస్సులు మారి ఏడున్నరకల్లా గుమ్మంలో ఉండేది. నాలుగైదు తరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగు కుటుంబం. ఆమె మాటల్లో సగం అరవం కలిసేది, అమ్మా అనడానికి మా అనేది, నొక్కి చెప్పాలంటే మాట చివర దా తగిలించేది. వస్తూనే అమ్మ కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నీలగిరి తైలం రాస్తూ, నోటికొచ్చింది పాడేది. అది పాట అనడానికి నాకు అప్పట్లో మనసొప్పేది కాదు.

"కాకి వచ్చె, గోడ మీద కూకొనె.
పాలు వచ్చె, పొయ్యి మీద పొంగెనె.
పెద్దమ్మకి ఏం కావాల..."

అక్కడ ఆపేసేది. ఆపి తైలం రాస్తూనే ఉండేది. అమ్మ ముఖంలోకి చూసేది కూడా కాదు. కాసేపాగి ఇంకో వరస ఎత్తుకునేది, దాన్నీ చివరి మాట దగ్గర వదిలేసేది. పాపం దీనికి ఏ పాటా పూర్తిగా రాదు కాబోలు అని నవ్వుకున్నాను. పాఠానికొచ్చిన పిల్లలు కిసుక్కున నవ్వితే వాళ్ళని మందలించలేదు కూడా.

మూడో వారంలో ఒకరోజు నేను హాల్లో తంబూరా తుడుస్తున్నాను. లోపల మునెమ్మ "పెద్దమ్మకి ఏం కావాల" అని ఆపింది. ఎప్పటిలాగే నిశ్శబ్దం. తర్వాత సన్నగా, ముక్కుతో, ఒక గొంతు వినిపించింది. "కా... ఫీ." మాట్లాడడం కాదు, మునెమ్మ వరసలోనే, ఆ వంకర వరసలోనే, పాడింది అమ్మ. గుడ్డ కింద పడేసి పరుగెత్తాను. అమ్మ నవ్వుతోంది. సగం ముఖంతోనే నవ్వుతోంది. నన్ను చూసి కాదు, మునెమ్మని చూసి. మునెమ్మ మాత్రం ఏమీ జరగనట్టే లేచి, "కాఫీ దానా? ఇదిగో తెస్తా ఉండా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయాను. ఇన్నాళ్ళ తర్వాత అమ్మ నోట మాట వచ్చిందన్న సంతోషం ఉండాలి కదా. ఉంది, లేదనను. కానీ దానికన్నా ముందు, ఆ మాట నాకు రాలేదన్న ఉక్రోషం వచ్చింది.

అక్కడినుంచి నా బుద్ధి ఎలా వంకర తిరిగిందో దాచుకోకుండా చెబుతాను. మునెమ్మ చేసే ప్రతి పనిలో తప్పు వెతికాను. నీళ్ళు ఎక్కువ వేడి పెట్టిందన్నాను, దిండు సరిగ్గా వేయలేదన్నాను. లోపల పాట మొదలైతే ఏదో వంకన గదిలోకి వెళ్ళేదాన్ని. నేను వెళ్ళగానే అమ్మ నోరు మూసుకునేది. చిన్నప్పుడు నేను ఆమె చెయ్యి ఆగుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ పాడేదాన్ని, ఇప్పుడు ఆమె నన్ను చూసి అలా అయిపోతోందని నాకు తట్టలేదు. నెల తిరిగేసరికి అమ్మకి 'నీళ్ళు' అన్న మాట వచ్చింది, 'ఫ్యాను' వచ్చింది, 'చాలు' వచ్చింది. ఒక సాయంత్రం మునెమ్మ బస్సుకి బయలుదేరుతుంటే లోపల్నుంచి స్పష్టంగా వినిపించింది, "మునెమ్మా!" వరస లేదు, పాట లేదు, ఉత్త పిలుపు. మునెమ్మ గుమ్మంలోంచి వెనక్కి పరుగెత్తింది. నేను అమ్మ పక్కనే కూర్చుని ఉన్నాను, అరటిపండు ఒలిచి చేతిలో పట్టుకుని. ఆ పండు నేనే తినేశాను. నోట్లో మట్టి పెట్టుకున్నట్టుంది.

మర్నాడు నేను శ్రుతిపెట్టె తీసుకెళ్ళి అమ్మ మంచం పక్కన పెట్టాను. "మునెమ్మా, నువ్వు పాడితే పాడు, దీనితో కలిపి పాడు. అమ్మకి అపశ్రుతి పడదు" అన్నాను. ఆ మనిషి నా వైపు ఒకసారి చూసి సరేనంది. దానితో కలవాలని తంటాలు పడుతూ ఒక వరస పాడి, ఆపింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అమ్మ నన్ను చూసింది, పెట్టెని చూసింది. ఏమనుకుందో ఏమో, ఆ రోజు నా ముందే నోరు తెరిచి "నీ... ళ్ళు" అని పాడింది. నా ఎదురుగా పాడిన మొదటి మాట అది. నేనేం చేశానో తెలుసా? ఇన్నేళ్ళ అలవాటు. పిల్లలకి చెప్పినట్టు, వేలు పైకి చూపిస్తూ, "కొంచెం పైకి అమ్మా, శ్రుతి తగ్గింది" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ అప్పటికే అమ్మ కళ్ళు మూసుకుంది. మునెమ్మ శ్రుతిపెట్టె కట్టేసి, "ఏం మా నువ్వు, నీళ్ళు అడిగితే నీళ్ళు ఇస్తారు" అంది నెమ్మదిగా. అంతే మాట. దాంతో ఒళ్ళు మండిపోయింది. నా ఇంట్లో, నా తల్లి దగ్గర, నాకు చెప్పేదానివా అన్నాను. రేపట్నించి రావద్దన్నాను. మునెమ్మ మాత్రం అమ్మకి నీళ్ళు పట్టి, మూతి తుడిచి, తైలం సీసా కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది.

ఎనిమిది రోజులు అమ్మ పలకలేదు. ఆ పాత "అదే" కూడా అనలేదు. ఇంకో ఆయా వచ్చింది, నిలవలేదు. నేను మునెమ్మ పాటలే పాడి చూశాను. మొదటినుంచి చివరిదాకా, చక్కగా, శ్రుతిలో పాడాను. అమ్మ గోడకేసి తిరిగింది. ఆరో రోజు నుంచి అన్నం కూడా తోసేసింది. తొమ్మిదో రోజు పక్కింటి వాళ్ళని కూర్చోబెట్టి, అభిమానం చంపుకుని మనలి బస్సెక్కాను.

రిఫైనరీ వాసన బస్సు దిగకముందే వస్తుంది. రెండు సందులు అడిగి వాళ్ళ ఇల్లు పట్టుకున్నాను. మునెమ్మ వాకిట్లో చేపలు కడుగుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, చేతులు కడుక్కుని కుర్చీ వేసింది. లోపల చాప మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. మెడ నుంచి రెండు మోచేతుల దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. నా చూపు చూసి ఆమే చెప్పింది. పదేళ్ళ కిందట ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టం పగిలిందట.

"ఆసుపత్రిలో కట్టు మార్చేటప్పుడు ఆడ అందరూ అరుస్తారు మా. ఈ మనిషి అరవడు. పళ్ళు బిగబట్టుకొని ఉంటాడు. మాట లేదు, ఏడుపు లేదు, అన్నం లేదు. డాక్టరమ్మ చెప్పింది, ఇట్లా ఉంటే మనిషి దక్కడు అని. నాకేం తెలుసు? పాడితిని. మా గుళ్ళో కూళ్, అంబలి, పోసే పండగ పాట ఒకటి ఉండాది, ఆయనదా ఎప్పుడూ కడపటి మాట ఎత్తుకొనేది. నేను ఆడిదాకా పాడి ఆపేస్తి. ఒక నాడు కాదు, రెండు నాళ్ళు కాదు. పద్నాలుగో నాడు నేను ఆపిన ఆ సందులో అరిచినాడు. పాట కాదు మా, అరుపు. ఒళ్ళంతా అదిరేట్టు ఏడ్చినాడు. ఏడ్చేదానికి చోటు కావాల గదా, సరి ఏడువు అని నేను ఊరికే కూకొన్నా. ఆ తరవాతదా పాడినాడు."

చాప మీద ఆ మనిషి సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "అక్కా, అమ్మ అన్నం తినడం లేదు. మీరు రావాలి" అన్నాను. ఆమెని అక్కా అన్నది, మీరు అన్నది అదే మొదలు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "వస్తాలే" అంది. తర్వాత నా పక్కన కింద కూర్చుని, "నువ్వు ఎంత బాగా పాడతావు, నేను వంటింట్లో నిలబడుకొని వింటా ఉంటా. అయితే నువ్వు పాడేటప్పుడు పెద్దమ్మకి పనేముండాది? మొదలూ నువ్వే, కడా నువ్వే. ఆమెకి ఏమీ మిగల్చవే" అంది.

"నాకూ నేర్పించండి" అన్నాను. పెద్దగా నవ్వేసింది. "నేర్పేదానికి ఏముండాది? నోరు మూసుకోవాల, అంతేదా."

నవ్వులాటగా అన్న ఆ పని నాకు ఎంత కష్టమైందో పాడేవాళ్ళకే అర్థమవుతుంది. ఎత్తుకున్న వరసని ముగించకుండా వదలడమంటే తుమ్ము సగంలో ఆపుకున్నట్టు ఉంటుంది. మొదట్లో ఆగేదాన్ని, మూడు క్షణాలకే ఓపిక లేక నేనే పాడేసేదాన్ని. మునెమ్మ వంటింట్లోంచి "ఉష్" అనేది. ఆగినప్పుడు కూడా అమ్మ పెదవులకేసి గుచ్చిగుచ్చి చూసేదాన్ని, అది కూడా తప్పేనంది. "అట్లా చూస్తే నోట్లోకి వచ్చింది కూడా లోపలికి మింగేస్తుంది. నువ్వు నీ పని చూసుకో." అందుకని అమ్మ పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలవడం మొదలుపెట్టాను. శ్రుతిపెట్టె బీరువాలో పెట్టేశాను.

ఇరవై రోజులు పట్టింది. ఆ పొద్దున మునెమ్మ పాటే పాడుతున్నాను, అదే వంకర వరసలో. కాకి వచ్చింది, పాలు పొంగాయి. "అమ్మకి ఏం కావాల" అని ఆపి తల వంచుకుని ఒలుస్తున్నాను. ఎంతసేపైందో తెలియదు. "కాఫీ" అంది అమ్మ, పాటగానే. నేను తల ఎత్తలేదు. ఎత్తితే పోతుందేమోనని భయం. అప్పుడు ఆమె ఎడం చెయ్యి వచ్చి నా చెంప మీద ఆనింది. ఇన్ని నెలల్లో నేను ఎదురుచూసినదంతా ఆ చేతిలో ఉంది. చెంప నిమురుతూ, ఎంతో ముద్దుగా, "మునెమ్మా" అని పిలిచింది.

నేను చప్పున గుమ్మంవైపు చూశాను. మునెమ్మ కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడి ఉంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "నన్ను కాదు మా, నిన్నేదా. పలుకు" అంది. నా ముఖం మాడిపోయింది. "ఆఁ, అమ్మా" అన్నాను.

అమ్మ ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. ఇరవై మాటల దాకా వచ్చాయి. తెనాలిలో ఉన్న తన తమ్ముడి పేరు వచ్చింది, కూరల పేర్లు వచ్చాయి. శారద అన్న నా పేరు రాలేదు. మాటలు నేర్పే అమ్మాయి, ఇలా ఒక్కోసారి అవుతుందని, ఒక పేరు అందరికీ అంటుకుంటుందని చెప్పింది. నాకు అది చాలలేదు. మునెమ్మ లేని ఆదివారాల్లో దొంగతనంగా సొంత పాట కట్టి పాడేదాన్ని. "అమ్మ కన్న కూతురు ఎవరు, దాని పేరు ఏమి..." అని ఆగేదాన్ని. అమ్మ హాయిగా నవ్వి, తాళం వేస్తూ, "మునెమ్మా" అని పూర్తి చేసేది. సోమవారం మునెమ్మ వచ్చాక ఆ కథ ఆమెకి చెప్పేదాన్ని కాదు. ఆమెకి తెలుసనుకుంటాను.

ఇప్పుడు మునెమ్మ గుమ్మిడిపూండిలో కూతురి దగ్గర ఉంటోంది. నేను బుధవారాలు మా వీధిలోని ఫిజియోథెరపీ గదికి వెళ్ళి, చెయ్యి పడిపోయినవాళ్ళ దగ్గర, మాట పడిపోయినవాళ్ళ దగ్గర కూర్చుంటాను. వాళ్ళ ఇంట్లోవాళ్ళని అడిగి ఏ పాట వాళ్ళ నోట్లో నానిందో తెలుసుకుని, చివరి మాట వదిలేసి పాడతాను. కొందరు ఆ చోట్లో ఏడుస్తారు. ఏడవనిస్తాను. బాగా కుదిరిన రోజున ఇంటికొస్తుంటే మళ్ళీ కుళ్ళు పుడుతుంది, ఇది నా విద్య కాదు కదా, అరువు తెచ్చుకున్నది కదా అని. అది పోలేదు, పోతుందన్న ఆశ కూడా లేదు.

చివరి రోజు ఆసుపత్రిలో అమ్మకి ఒక పక్క నేను, ఒక పక్క మునెమ్మ కూర్చున్నాం. పొద్దుటినుంచి కళ్ళు తెరవలేదు. మధ్యాహ్నం ఎండ మంచం మీదికి వచ్చాక, కళ్ళు మూసుకునే, "మునెమ్మా" అంది. ఆ పేరు ఆమెది. ఆ మనిషి పక్కనే ఉంది, ఆ చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. ఆమె పలకలేదు. పెదవులు బిగించి నా వైపు చూసి ఊరుకుంది. నేను పలికాను. అమ్మకి వినిపించింది.

ఇప్పటికీ కూరల బజారులో ఎవరైనా ఎవర్నో అరవంలో "మునియమ్మా" అని కేకేస్తే, నేను వెనక్కి తిరిగి చూస్తాను.